పొద్దున ఒక లెక్క, మధ్యాహ్నం ఇంకో లెక్క

పేరు వేయొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. వయసు 23. సివిల్‌లో డిప్లొమా చేశారు. గుంటూరు నుంచి రోజూ బస్సులో విజయవాడ వెళ్లి, గవర్నర్‌పేటలో ఒక ఇంజినీరు గారి ఆఫీసులో ఆటోకాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ మీద ప్లాన్లు గీస్తున్నారు. అక్కడ ఇదివరకు పనిచేసిన సీనియర్ అన్న కొన్ని లిస్ప్ రొటీన్లు, అంటే ఆటోకాడ్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రాములు, రాసిపెట్టి వెళ్లాడట. ఆయన వెళ్లాక వాటి జోలికి ఎవరూ పోలేదు. ఈమె వాటిని చూసి కొంత, ఇంట్లో రాత్రిపూట కూర్చుని కొంత నేర్చుకుని, సొంతంగా ఒక చిన్న రొటీన్ రాశారు. ఫ్లాట్‌లో ఒక్కో గదికి గీసిన మూసిన పాలీలైన్లన్నిటినీ (గది చుట్టూ తిరిగి మొదలుకే వచ్చే గీతల్ని) ఒక లేయర్ (డ్రాయింగ్‌లోని ఒక పొర) నుంచి ఏరి, వాటి వైశాల్యాలను చదరపు అడుగుల్లోకి మార్చి, దశాంశాలు తీసేసి ఒక లిస్టులో వేసి, మొత్తం కూడుతుంది. ఆ లిస్టు పేరు కూడా ‘గదులు’ అనే పెట్టుకున్నారు.

కష్టం అక్కడే మొదలైంది. "పొద్దున ఆఫీసుకి రాగానే రన్ చేస్తే ఒక నంబరు, మధ్యాహ్నం ఇంకో నంబరు. డ్రాయింగ్‌లో గీత కూడా కదపలేదు. డ్రాయింగ్ మూసి తెరిస్తే మళ్లీ మామూలే" అని రాశారు. గదుల్ని పెద్దా చిన్నా వరసలో చూపించాలని మధ్యలో ఒక సార్ట్ లైను చేర్చారు. అది చేర్చాక నంబరు మారడం ఆగిపోయింది. ఎన్నిసార్లు రన్ చేసినా 630. హమ్మయ్య అనుకుని, ఒకే రకం ఫ్లాట్లు పది కాబట్టి పదితో గుణించి, 6300 చదరపు అడుగులని టైల్స్ కోసం స్టేట్‌మెంట్ తయారుచేసి సార్‌కి ఇచ్చారు. సార్ సంతకం చేశారు. బిల్డర్ మనిషి వచ్చి తీసుకెళ్లాడు.

పోయిన వారం ఏదో అనుమానం వచ్చి కాలిక్యులేటర్‌తో కూడి చూస్తే ఒక ఫ్లాట్‌కి 802 వచ్చింది. అప్పటినుంచి నిద్ర లేదంటున్నారు. సైట్‌లో ఇంకా గోడల ప్లాస్టరింగ్ జరుగుతోంది, టైల్స్ ఆర్డర్ ఇచ్చినట్టు లేదు. సార్‌కి చెబితే "ఎవరు చెప్పారమ్మా నీకు ఈ ప్రయోగాలు?" అంటారని భయం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బావగారిని అడిగితే, "లిస్ప్ ఈ రోజుల్లో ఎవరు వాడతారు, పైథాన్ నేర్చుకో" అని తేల్చేశారట. అడిగినవి మూడు: తప్పు ఎక్కడుంది, సార్‌కి చెప్పాలా లేక గుట్టుగా సరిచేసి ఇవ్వాలా, ఈ లిస్ప్‌ని కొనసాగించాలా వదిలేయాలా. చివర్లో కొసరుగా ఇంకో చిన్న ప్రశ్న.

సమాధానం:

ముందు ఉత్తరంలో మీరే రాసిన గదుల లెక్క చూద్దాం. హాలు 210, బెడ్రూమ్‌లు 132, 132, 120, వంటగది 80, టాయిలెట్లు 40, 40, బాల్కనీ 48. కూడితే 802. మీ రొటీన్ చెప్పింది 630. తేడా 172. ఈ 172 ఎక్కడిదో చూడండి: 132కి 40 కలిపితే 172. అంటే తగ్గింది ఏదో అంతుచిక్కని మొత్తం కాదు. ఒక బెడ్రూమ్, ఒక టాయిలెట్. రెండు చోట్లా, అదే కొలతతో ఇంకో గది ఉన్నది మాత్రమే పోయింది. 120 ఒక్కటే ఉంది, అది భద్రంగా ఉంది. హాలు ఉంది, బాల్కనీ ఉంది.

దొంగ మీ సార్ట్ లైనే. ఆటోలిస్ప్‌లో (ఆటోకాడ్‌లో ఉండే లిస్ప్ అది) వరస పెట్టే ఆదేశమైన వీఎల్-సార్ట్‌కి ఒక గుణం ఉంది: వరస పెట్టేటప్పుడు సమానమైనవాటిలో ఒకదాన్నే ఉంచి మిగతావాటిని తీసేయవచ్చు. పూర్ణాంకాల విషయంలో తీసేస్తుంది కూడా. ఒకే పేరున్న ఇద్దరు పిల్లలుంటే హాజరు పట్టీలో ఒకరిని కొట్టేసినట్టు. ఇది ఆటోకాడ్ సొంత మాన్యువల్లోనే ఉదాహరణతో సహా రాసి ఉంది, కానీ మొదటిసారి వాడేవాళ్లలో అక్కడిదాకా చదివేది ఎంతమంది? నా మాట మీద నమ్మకండి. ఇప్పుడే ఆటోకాడ్ తెరిచి కమాండ్ లైన్లో ఇది ఇంగ్లీషు అక్షరాల్లో (వీఎల్-సార్ట్ అంటే vl-sort) కొట్టండి:

(వీఎల్-సార్ట్ '(40 132 40) '<)

మూడు నంబర్లు ఇచ్చారు, (40 132) అని రెండే వస్తాయి. డ్రాయింగూ లేదు, పాలీలైనూ లేదు, మీ రొటీనూ లేదు. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఇంతకంటే చిన్న పరీక్ష ఉండదు.

మరి సార్ట్ రాకముందు మధ్యాహ్నం నంబరు ఎందుకు మారేది? ఇది వేరే తప్పు. నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది కూడా ఇదే. మీ రొటీన్ మొదటి లైను మీరు పంపినట్టే ఉంటే, రొటీన్‌కి పేరుపెట్టే డీఫన్ తర్వాత బ్రాకెట్లు ఖాళీగా ఉన్నాయి. అంటే ‘గదులు’ అనే పేరు ఆ రొటీన్‌కి మాత్రమే సొంతం కాదు, ఆ డ్రాయింగ్ తెరిచి ఉన్నంతసేపూ బతికే ఉంటుంది. లోపల మీరు ఒక్కో వైశాల్యాన్నీ (ఏ) ఆ లిస్టు ముందు ఇలా చేరుస్తున్నారు:

(సెట్‌క్యూ గదులు (కాన్స్ ఏ గదులు))

పొద్దున మొదటిసారి రన్ చేసినప్పుడు గదులు ఖాళీ. ఖాళీ లిస్టుకి లిస్ప్‌లో పేరు నిల్. దాని మీద ఎనిమిది గదులు చేరాయి, మొత్తం 802. రెండోసారి రన్ చేసినప్పుడు పొద్దుటి ఎనిమిదీ అలాగే ఉన్నాయి, వాటి ముందు ఇంకో ఎనిమిది చేరాయి. 1604. మూడోసారికి 2406. డ్రాయింగ్ మూసి తెరిస్తే జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోతుంది, మళ్లీ 802. మీరు "మళ్లీ మామూలే" అన్నది ఇదే.

ఇప్పుడు సార్ట్ లైను పెట్టాక ఏం జరిగిందో చూడండి. మొదటిసారి ఎనిమిది గదుల్లో ఆరు మిగిలాయి. రెండోసారి ఆ పాత ఆరూ, కొత్త ఎనిమిదీ కలిసి పద్నాలుగు అయ్యాయి. సార్ట్ దాంట్లో ఒకే నంబరున్నవాటిని ఏరేసి మళ్లీ ఆరే మిగిల్చింది. 630. ఎన్నిసార్లు రన్ చేసినా 630. ఒక తప్పుని ఇంకో తప్పు కప్పేసింది, మీకు మాత్రం సరిపోయినట్టు కనిపించింది. నంబరు నిలకడగా రావడం వేరు, సరిగ్గా రావడం వేరు. ఈ తేడా మీ కంటే పదేళ్లు సీనియర్లు కూడా హడావిడిలో మర్చిపోతుంటారు. "నేను లెక్కల్లో వీక్, అందుకే" అని మీరు రాసుకున్న వాక్యాన్ని కొట్టేయండి. కాలిక్యులేటర్ తీసింది మీరే కదా.

సరిచేయడానికి రెండు పనులున్నాయి, రెండిటికీ ఒకటికి మించి దారులున్నాయి.

పాత గదులు కొత్తవాటిలో కలవకుండా ఉండాలంటే, రొటీన్ మొదట్లో (సెట్‌క్యూ గదులు నిల్) అని ఒక లైను పెట్టొచ్చు. తేలిక. పైగా రన్ అయ్యాక కమాండ్ లైన్లో ఆశ్చర్యార్థకం పెట్టి !గదులు అని కొడితే లిస్టులో ఏముందో మొత్తం కనిపిస్తుంది. ఎక్కువ ఉంటే ఎఫ్2 నొక్కి కిటికీ పెద్దది చేసుకుని చదువుకోవచ్చు. ఇబ్బంది ఏంటంటే, ఆ పేరు బయట అలాగే తిరుగుతూ ఉంటుంది. సీనియర్ అన్న రొటీన్లలో దేంట్లోనైనా అదే పేరు వాడి ఉంటే ఒకదాని విలువ ఇంకోదాంట్లోకి పోయి, ఇంకో రకం మధ్యాహ్నపు లెక్కలు మొదలవుతాయి. పద్ధతైన దారి డీఫన్ తర్వాతి బ్రాకెట్లలో ఏటవాలు గీత పెట్టి, దాని తర్వాత మీరు లోపల వాడే పేర్లన్నీ రాయడం: (/ ఎస్ఎస్ ఐ ఈఎన్ ఏ గదులు) ఇలా. అప్పుడు రన్ అయిపోగానే అవన్నీ రొటీన్ మొదలుకాక ముందు ఎలా ఉన్నాయో అలా అయిపోతాయి. కానీ అప్పుడు కొత్తగా తెరిచిన డ్రాయింగ్‌లో ! పెట్టి చూస్తే నిల్ అనే వస్తుంది, లోపల ఏం జరిగిందో బయటినుంచి చూడలేరు. అందుకని తప్పు వెతుకుతున్నంతకాలం మొదటి దారిలో ఉండి, అంతా కుదిరాక చివర్లో ఏటవాలు గీత పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి. కొందరు మొదటినుంచే గీత పెట్టి, లోపల ప్రింట్ లైన్లు వేసుకుంటారు. అదీ పనికొస్తుంది.

రెండోది సార్ట్. నిజానికి మొత్తం కూడడానికి వరస అక్కర్లేదు. (అప్లై '+ గదులు) అంటే చాలు, ఏ వరసలో ఉన్నా కూడిక మారదు. స్టేట్‌మెంట్‌లో గదుల జాబితా వరసగా కనిపించాల్సిన పని లేకపోతే ఆ లైను తీసి పారేయండి. వరస కావాలంటే వీఎల్-సార్ట్-ఐ ఉంది. అది నంబర్లను కాకుండా వాటి స్థానాలను వరసపెట్టి ఇస్తుంది, ఒక్కటీ పోగొట్టదు. ఆ స్థానాల ప్రకారం, ఫలానా స్థానంలో ఉన్నదాన్ని ఇచ్చే ఎన్‌టీహెచ్‌తో ఒక్కోటీ తీసుకుంటే వరస లిస్టు వస్తుంది. మ్యాప్‌కార్, లాంబ్డా కలిపి ఒక లైనులో రాయొచ్చు. మొదట్లో చూడ్డానికి కాస్త అడవిలా ఉంటుంది. మూడో దారి ఒకటుంది, దాన్ని మాత్రం నేను వద్దంటాను: దశాంశాలు తీసేయకుండా ఉంచితే సార్ట్ సమానాలను ఏరేయకపోవచ్చు, కాబట్టి పని జరిగిపోతుంది అనుకోవడం. జరగొచ్చు. ‘జరగొచ్చు’ మీద టైల్స్ కొనరు.

దశాంశాల మాట వచ్చింది కాబట్టి. మీరు వాడిన ఫిక్స్ అనే ఆదేశం, దశాంశాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరించదు, కోసేస్తుంది. 132.8 ఉన్నా 132 అంటుంది. ఎనిమిది గదుల్లో కోసినవన్నీ కలిస్తే ఫ్లాట్‌కి దాదాపు ఎనిమిది చదరపు అడుగుల దాకా పోవచ్చు, పది ఫ్లాట్లకి ఎనభై. గదుల్ని పూర్తి దశాంశాలతోనే లిస్టులో ఉంచి, కూడాక చివర్లో ఒక్కసారి సవరించండి. చదరపు మిల్లీమీటర్లను 92903.04తో భాగించడం మాత్రం సరిగ్గానే చేశారు.

రన్ చేసిన ప్రతిసారీ మొత్తంతోపాటు లిస్టులో ఎన్ని ఉన్నాయో చెప్పే (లెంగ్త్ గదులు) కూడా తెర మీద వేయించండి. కంటికి ఎనిమిది గదులు కనిపిస్తుంటే తెర మీద ఆరు అని వస్తే అక్కడే ఆగిపోయేవారు. లిస్టుకి ఏ పని చేసినా, చేయకముందు ఎన్ని, చేశాక ఎన్ని అని చూసుకుంటే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. బ్రాకెట్ల గురించి కూడా రాశారు కదా, నోట్‌ప్యాడ్‌లో లెక్కపెట్టుకుంటున్నానని. నోట్‌ప్యాడ్ మానేయండి. ఆటోకాడ్‌తో వచ్చే విజువల్ లిస్ప్ ఎడిటర్‌లో ఒక బ్రాకెట్ పక్కన డబుల్ క్లిక్ చేస్తే దాని జత ఎక్కడుందో అదే చూపిస్తుంది.

ఇక సార్ సంగతి. దీని మీద మీరు ఎక్కువ టెన్షన్ పడుతున్నారు, కానీ ముందు సైట్ వైపు నుంచి ఆలోచిద్దాం. కావాల్సింది 8020, మీరిచ్చింది 6300. తక్కువైంది 1720. కోతలకీ పగిలినవాటికీ అని మేస్త్రీలు కొంత ఎక్కువ తెప్పిస్తారు నిజమే, కానీ పది శాతం ఎక్కువ తెప్పించినా 6930 దగ్గరే ఆగుతుంది. అది కప్పుకుపోయే తేడా కాదు. పైగా అందులో 1320 బెడ్రూమ్‌ల టైల్స్, 400 టాయిలెట్లలో వేసే జారని టైల్స్. రెండూ వేరు రకాలు, రెండూ తక్కువే. బెడ్రూమ్ టైల్స్ అయిపోయి మళ్లీ ఆర్డర్ ఇస్తే, అదే కంపెనీ అదే డిజైన్ అయినా వేరే బ్యాచ్‌లో రంగు ఛాయ కాస్త తేడా రావచ్చు. ఒకే గదిలో రెండు ఛాయలు కనిపిస్తే ఫ్లాట్ కొనుక్కున్నవాళ్లు ఊరుకోరు.

మీ ముందున్న దారులు ఇవి. ఒకటి, ఏమీ అనకుండా ఊరుకోవడం. టైల్స్ అయిపోయిన రోజు మేస్త్రీ బిల్డర్‌కి ఫోన్ చేస్తాడు, బిల్డర్ మీ సార్‌కి చేస్తాడు, సార్ ఆ కాగితం తీస్తారు. ఆ రోజు మీరు చెప్పేదేదైనా సాకులాగే వినిపిస్తుంది. రెండు, మీరన్నట్టు గుట్టుగా సరిచేసి, ‘సవరించినది’ అని కొత్త కాగితం బిల్డర్ మనిషికి ఇచ్చేయడం. ఇది చాలా తేలిగ్గా కనిపిస్తుంది. కానీ సార్ సంతకం పాత కాగితం మీద ఉంది, కొత్తదాని మీద లేదు. బిల్డర్ దగ్గర ఒకే ఆఫీసు నుంచి రెండు లెక్కలుంటాయి, వాళ్లు ఏది నమ్మాలో తెలియక సార్‌నే అడుగుతారు. దాచబోయిన విషయం బిల్డర్ నోటి నుంచి సార్‌కి తెలుస్తుంది. ఇంతకంటే ఇబ్బంది ఇంకోటి ఉండదు.

మూడోది రేపే సార్‌కి చెప్పడం. నేనైతే దీని వైపే మొగ్గుతాను, కానీ ఎలా చెబుతారన్న దాన్నిబట్టి ఫలితం మారుతుంది. ఉత్త చేతుల్తో వెళ్లి "సార్, తప్పయిపోయింది" అంటే ఆయన ముందు తిట్టడానికే మాటలు వెతుక్కుంటారు. ఒక కాగితం మీద ఎనిమిది గదులు, చేత్తో కూడిన 802, దాని కింద కొత్త స్టేట్‌మెంట్, ఏ రకం టైల్ ఎంత పెరిగిందో విడివిడిగా రాసుకుని వెళ్లండి. "సార్, టైల్స్ స్టేట్‌మెంట్లో ఫ్లాట్‌కి ఒక బెడ్రూమ్, ఒక టాయిలెట్ రాలేదు. సైట్‌లో ఇంకా ఆర్డర్ ఇవ్వలేదనుకుంటున్నాను. కొత్తది ఇదిగో, చేత్తో కూడా చూశాను" అంటే చాలు. వీఎల్-సార్ట్ కథ ఆయన అడిగితే చెప్పండి, అడక్కపోతే వద్దు. ఆయనకి కావాల్సింది నంబరు, రొటీన్ కాదు. సీనియర్ అన్న రొటీన్లు చూసి రాశానని మాత్రం అనకండి. మీరు పంపినదాన్నిబట్టి ఈ రెండు తప్పులకీ ఆయనకీ సంబంధం లేదు, పైగా రేపు సందేహమొస్తే ఫోన్ చేయగలిగే మనిషి ఆయన ఒక్కడే.

తిట్లు పడవని నేను హామీ ఇవ్వలేను. మీ సార్ స్వభావం మీకే తెలుసు. ఇకమీదట లిస్ప్ వాడొద్దని కూడా అనొచ్చు. అంటే కొన్నాళ్లు చేత్తో లెక్కేసి, పక్కన మీ రొటీన్‌తో సరిచూసుకుంటూ ఉండండి. రెండూ కలుస్తున్నాయని చూపించగలిగిన రోజు మళ్లీ అడగొచ్చు. మీ ఆఫీసు నుంచి ఇంకో స్టేట్‌మెంట్ ఏదైనా ఇదే రొటీన్‌తో వెళ్లి ఉంటే, సార్ దగ్గరికి వెళ్లేముందే దాన్ని కూడా చూసుకోండి. ఒకేసారి చెప్పడం మేలు. వారం వారం ఒకటి బయటపడితే ఆయన మిమ్మల్ని కాదు, మీ పనంతటినీ అనుమానిస్తారు.

బావగారి మాటకొస్తే, ఆయన ఉన్నచోట అది నిజమే కావచ్చు. లిస్ప్ చాలా పాతది. జాన్ మెకార్తీ 1958లో అమెరికాలోని ఎంఐటీలో మొదలుపెట్టారు, వయసులో ఇప్పుడున్న భాషల్లో చాలావాటికి తాత. కానీ అందులోంచి వచ్చిన ఆటోలిస్ప్ 1986 నుంచి ఆటోకాడ్‌లో ఉంది. తక్కువ ఖర్చులో వచ్చే ఆటోకాడ్ ఎల్‌టీకి కూడా 2024 వెర్షన్ నుంచి ఇచ్చారు. చచ్చిపోయిన భాషని కొత్తగా ఎవరూ చేర్చరు. మీరు గవర్నర్‌పేట ఆఫీసుల్లో, డ్రాఫ్టింగ్ పనిలోనే ఉండదలుచుకుంటే ఇది రోజూ పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్లాలనుకుంటే లిస్ప్ ఒక్కదానితో పిలుపు రాదు, బావగారు చెప్పింది వినాలి. మధ్యలో ఒక దారి ఉంది: భవనాల డిజైన్‌కి వాడే రెవిట్ అనే సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకి అందులో ప్రోగ్రాములు రాసుకోవడానికి డైనమో అని ఒకటుంటుంది, దాంట్లో పైథాన్ కూడా రాయొచ్చు. సివిల్ చదువూ పోదు, పైథానూ వస్తుంది. కాకపోతే రెవిట్ పని దొరికే ఆఫీసు చూసుకోవాలి, కోర్సుకి డబ్బు పెట్టాలి. ఏది ఎంచుకున్నా ఈ రొటీన్‌ని సగంలో వదిలి మాత్రం వెళ్లకండి. లిస్టు పోగొట్టే తప్పులు పైథాన్‌లోనూ ఉన్నాయి, బావగారినే అడగండి.

చివర అడిగిన ప్రశ్న: డ్రాయింగ్‌లో ఒక వస్తువు లేయర్ మార్చడానికి, లిస్టులో ఒకదాని బదులు ఇంకోటి పెట్టే సబ్‌స్ట్ వాడితే తెర మీద లిస్టులో కొత్త లేయర్ పేరు కనిపిస్తోంది, డ్రాయింగ్‌లో మాత్రం ఏమీ మారడం లేదన్నారు. సబ్‌స్ట్ పాత లిస్టుని ముట్టుకోదు, మార్పు చేసిన కొత్త లిస్టు ఒకటి తయారుచేసి ఇస్తుంది. ఎంట్‌గెట్‌తో మీరు తెచ్చుకున్నదీ డ్రాయింగ్ కాదు, దాని వివరాల నకలు. ఆ కొత్త లిస్టుని ఎంట్‌మాడ్‌కి ఇస్తే అప్పుడు డ్రాయింగ్‌లో మారుతుంది. లేయర్ పేరు చదివేటప్పుడు కూడా ఒకటి గుర్తుంచుకోండి: ఆ వివరాల్లో లేయర్ పేరుండే 8 నంబరు కింద ఉన్నది చుక్కతో కట్టిన జత, మామూలు లిస్టు కాదు. కాబట్టి (సీడీఆర్ (అసోక్ 8 వివరాలు)) అనాలి, సీఏడీఆర్ అంటే ఎర్రర్ వస్తుంది. సార్ డ్రాయింగ్ మీద కాకుండా కాపీ మీద ప్రయత్నించండి.